గరిటె ఒప్పుకున్న లెక్క

హలో… ఆ, నేనేనయ్యా ప్రబీణూ! ఒకోనొమియాకి అట్ల కొట్టు మిత్సుయోని. ఎన్ని తప్పులయ్యా!… ఏంటీ, నిప్పా? నిప్పు కాదు, తప్పు! తప్పులు! ఫైరింజన్‌ని పిలవకు, ముందు నా మాట విను…

నా కలన గణితం హోంవర్కు దిద్దిచ్చావు కదా. పదింట్లో ఎనిమిది తప్పా? నేపాల్ నుంచి ఒసాకా దాకా ఇంజినీరింగ్‌కి వచ్చింది నా కొంప ముంచడానికా?…

ఉండు, నన్ను చెప్పనీ. రేపే ఇవ్వాలది. సగమైనా ఒప్పు కాకపోతే ఈ ఏడు పరీక్షకి పంపనన్నాడు మా రాత్రిబడి మాస్టారు… పంపకపోతేనా? బడి గేటు ముందే పెనం పెట్టుకుని కూర్చుంటా! యాభై దాటాక బళ్ళో చేరినదాన్ని, బెదిరిస్తే మానేస్తానా?…

కాందా గారూ, నవ్వింది చాలు. పెనం మీద మీ స్క్విడ్ అట్టు మాడుతోంది.

…నిన్ను కాదయ్యా, ఇక్కడ కౌంటర్ దగ్గరున్నాయన్ని. "నీకు కలనమెందుకు, పిండి కలపడం చాలదా" అంటాడు రోజూ. కలిపే చెయ్యి కాబట్టే కలనం పట్టుబడింది!

సరే, మూడో లెక్క చూడు. బంతి పైకి విసిరారు. ఎత్తు ఇరవై టీ మైనస్ ఐదు టీ స్క్వేర్. అవకలనం చేస్తే వేగం ఇరవై మైనస్ పది టీ. రెండు సెకన్లకి సున్నా. అవునా కాదా?… అవునంటున్నావే! మరి తప్పెందుకు పెట్టావు? నేను గరిటె పైకి విసిరి మరీ చూశా. కొసకెళ్ళి రెప్పపాటు నిలబడింది… కాందా గారి గుండె కూడా నిలబడింది, అది వేరే సంగతి. గరిటె ఒప్పుకుంది, నువ్వు ఒప్పుకోవా?

…పెట్టలేదా? ఎర్రగా నా కళ్ళెదురుగా ఉంటే! కొక్కెంలా… ఆ, టిక్కే. టిక్కంటే తప్పేగా?

…

మళ్ళీ చెప్పు.

…మీ ఊళ్ళో టిక్కంటే ఒప్పా?!

మరి మిగతా రెండిటికీ ముచ్చటగా గుండ్రంగా చుట్టావేం? ఇక్కడ మా బళ్ళల్లో చుడితేగా ఒప్పు!… "మళ్ళీ చేసుకో" అనా? ఓరి నాయనో! ఆ రెండూ గోడకి అంటించానయ్యా, ధరల పట్టీ పక్కన! కాందా గారు చప్పట్లు కూడా కొట్టారు…

నవ్వు, నవ్వు. ఉండు, అందరికీ చెప్పాలి.

ఇదిగో, అందరూ నమలడం ఆపండి! ఈ అబ్బాయి ఊళ్ళో టిక్కు పెడితే ఒప్పంట, చుడితే తప్పంట! అంటే నావి ఎనిమిది ఒప్పు, గోడెక్కినవి రెండూ తప్పు! కాందా గారూ, పాత చప్పట్లు వెనక్కి తీసుకుని ఎనిమిదింటికీ కొత్తగా కొట్టండి… గట్టిగా!

ఉన్నావా నాయనా?… తెల్లకాగితం మీద మళ్ళీ రాయాలా? ఎందుకూ? ఈ ఎర్ర టిక్కులతోనే ఇస్తా. తప్పని మా మాస్టారు అననీ, ఒక్కో టిక్కుకీ నిలబడి వాదిస్తా… ఆ రెండిటికీ నీ సాయమా? అక్కర్లేదు. నేనే చేసి పంపుతా, నువ్వు దిద్దు. ఈసారి మాత్రం మా పద్ధతిలో చుట్టు బాబూ, రెండిటికీ గుండ్రంగా…

ఆ, పెట్టేస్తున్నా. ఆ రెంట్లో ఒకటి పైనుంచి కింద పడే బాపతు లెక్క.

కాందా గారూ, ఆ గరిటె ఇటివ్వండి. ఇచ్చి, తల కాచుకోండి.