చివరి కుర్చీ పిల్ల

మినెసోటాలో ఓ చిన్న ఊరు, హైస్కూలు బ్యాండు గది. మారెన్ తన ట్రాంబోను బాకాను హడావిడిగా పెట్టెలో సర్దేస్తోంది. గుమ్మానికి అడ్డంగా ఆర్డిస్ నిలబడి ఉంది. కిందటేడు పోయిన బ్యాండు మాస్టారి భార్య ఆవిడ.

"నాకొద్దాంటీ. మాస్టారి పేరు మీద మొట్టమొదటి బహుమతి, అది నాకా? జనం నవ్విపోతారు."

"నవ్వనీ. ఈ మంచులో నవ్వుకోడానికి ఇంకేముంది గనక?"

"కైల్‌కివ్వండి. వాడు బ్యాండులో మొదటి కుర్చీ, అందరికన్నా బాగా వాయించేవాళ్ళకిచ్చేది. నేను చిట్టచివరి కుర్చీ."

"కైల్ కాళ్ళు ఇప్పటికే నేల మీద ఆనట్లేదు. ఇంకా ఎక్కిస్తే దింపేదెవరు? ఇదిగో, నిమ్మకాయ కేకు తెచ్చా. తిను."

"తింటే ఒప్పుకున్నట్టా?"

"ముందు తినవే!"

"బహుమతి తీసుకున్నవాళ్ళు కచేరీలో ఒంటరిగా ఓ పాట వాయించాలటగా?"

"కమిటీ వాళ్ళ రూలది. నాది కాదు."

"అదే నావల్ల కాదు. ఆంటీ, మీకో సంగతి చెప్పాలి. వింటే మీరే బహుమతి వెనక్కి తీసేసుకుంటారు."

"కచేరీల్లో నువ్వు ఊదవు. ఆ గొట్టం మాత్రం ముందుకీ వెనక్కీ లాగుతుంటావు. అదేనా?"

"మీకు... మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, ఆయనే. ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వేవాడు. 'ఊదదు గానీ ఆర్డిస్, లాగుడు మాత్రం తాళం తప్పదు' అని."

"తెలిసీ తిట్టలేదేం?"

"బడి వదిలాక ఇక్కడ ఒక్కదానివే వాయించుకునేదానివిగా? తలుపవతల నేల మీద చతికిలబడి వినేవాడు. అక్కడ నా వంటంతా చల్లారిపోయేది, నాకు ఒళ్ళు మండిపోయేది. 'ఈ బడి మొత్తానికి బాగా వాయించేది ఆ పిల్లే' అనేవాడు... అదిగో, ఏడవకు. కేకు ఉప్పగా అవుతుంది."

"గదిలో వేరాంటీ. ఎదురుగా అన్ని మొహాలు కనిపిస్తే నాకు ఊపిరే ఆడదు. మాస్టారికేం, స్టేజీ మీదే బతికారు. నా భయం ఆయనకేం తెలుసు?"

"ఆయనకా? పిచ్చిదానా, ఆయన ఏదైనా వాయిస్తుంటే ఎప్పుడైనా చూశావా?"

"చూడకపోవడమేంటి, మొన్న... కాదు, అప్పుడు... అవునూ, మాకెదురుగా నిలబడి పుల్ల ఊపుతూ తాళం చూపించడమే చూశా."

"మా పెళ్ళిలో నాకోసం వాయిస్తానని లేచి, చర్చి వెనక తలుపులోంచి పారిపోయాడు. కారులో నక్కితే మా నాన్న వెళ్ళి లాక్కొచ్చాడు. బ్యాండు మాస్టారు ఎందుకయ్యాడనుకున్నావు? జనానికి వీపు పెట్టి నిలబడచ్చని!"

"నిజంగానా?"

"వాయిస్తే మా గరాజులోనే, నాకొక్కదానికే. భలే వాయించేవాడులే. ఇప్పుడా గరాజు తలుపు తియ్యాలంటేనే గుండె పట్టేస్తోంది. సరే, నా గోల ఎందుగ్గానీ, నీకిష్టం లేకపోతే కైల్‌కే చెప్తా."

"ఆగండాంటీ."

"ఏంటే?"

"నేనూ జనానికి వీపు పెట్టి వాయిస్తా. మీరు స్టేజీ మీద, నాకెదురుగా కూర్చుంటారా?"