పక్క గడిలోకి జరిగిన టవరు

అరవం మాట్లాడే సారం ఊళ్లో, కరెంటు లైన్ల ఆఫీసు మెట్ల మీద అక్క, తమ్ముడు కూర్చున్నారు. ఆమె చేతిలో మ్యాపు జిరాక్సు ఉంది.

"ఈ గళ్లని ఏమంటార్రా?"

"గ్రిడ్ అంటారక్కా. ఎవురి పొలం యాడుందో వీటిని బట్టే చూస్తారు."

"టవర్ల మీద పొయ్యే లైనును గూడా అదే అన్నావే?"

"దాన్నీ గ్రిడ్డే అంటారు. ఊర్లన్నిట్నీ కలిపే లైన్లు."

"బాహూరులో మన పొలాలు పక్కపక్క గళ్లల్లో ఉండాయి. పాత మ్యాపులో టవరు నీ గడిలో ఉండె. ఇప్పుడు నా గడిలోకి ఎట్లొచ్చె?"

"ఆఫీసరు మార్చినాడేమో."

"నేను ఒప్పుకొని సంతకం పెట్టినానంట. ఇప్పుడే లోపల చూపించినారు. అది నువ్వు తెచ్చిన ఇంగ్లీషు కాయితమే. బోరుకు కరెంటు కోసమని చదివి చెప్తివి గదరా!"

"టవరుంటే నా పొలం ఎవురూ కొనరక్కా. నువ్వెట్లాగూ అమ్మవు గదా."

"అమ్మను. అందుకని నా పొలం నడిమిట్లో టవరు నాటిస్తావా?"

"తప్పయిపోయిందక్కా. ఇంగో కాయితం రాసిస్తా, చదివి చెప్తా..."

"వద్దు. బయటోళ్ల దగ్గిర అరవంలో చెప్పించుకుంటా. మన తెలుగులో చెప్తివనే గదా, నమ్మి సంతకం పెట్టింది."