కుంటుతున్న గడియారం

గడియారాల మరమ్మతు కొట్టు ఇంకా తెరవలేదు. కొట్టు నడిపే తమ్ముడు, క్యాన్సర్ వైద్యం పూర్తిచేసుకున్నవాడు, లోపల ధ్యానానికని స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పది నిమిషాలూ కదలకుండా చూడాలని అక్క ఎదురుగా కాపలా కాస్తోంది.

“అప్పుడే కళ్ళు తెరిచావేంరా? ఇంకా నాలుగు నిమిషాలుంది.”

“ఆ మూల గోడగడియారం కుంటుతోందక్కా. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమంగా లేదు.”

“ఊపిరి మీద ధ్యాస పెట్టమని ఆసుపత్రిలో ధ్యానం నేర్పినావిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నువ్వేమో గడియారాలకి నాడి చూస్తున్నావు!”

“ఊపిరి మీదే పెట్టానక్కా. పెట్టగానే రోజూ ఏం చేసేవాణ్ణో తెలుసా? ఇక్కడేదో పట్టేసినట్టుంది, అక్కడేదో గడ్డలా ఉంది అని ఒళ్ళంతా వెతుక్కునేవాణ్ణి. వైద్యం అయిపోయి ఏడాదైనా అదే పని.”

అక్క గొంతు తగ్గించింది. “మరి ఇవాళ?”

“ఇవాళ ఊపిరి దాని మానాన అది వెళ్ళొస్తోంది. ఏ లోపమూ వెతకలేదు. ఆ గడియారమే వినబడింది.”

“లే,” అని అక్క అతని కింది స్టూలు లాక్కెళ్ళి మూల గోడ దగ్గర వేసింది.

“ఎక్కు. మిగతా నాలుగు నిమిషాలూ దానికివ్వు.”