నురగ మింగిన దొంగ

కొత్త కాఫీ మిషన్‌ను షాపుకు వాపసు తీసుకెళ్లే మనిషి మిర్యాలగూడలోని ఆ ఇంటి గేటు కొట్టాడు. జానయ్య ప్లగ్గు పీకబోయాడు. కోడలు ప్రమీల పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

“ఆగుండ్రి మామయ్యా! గీ ధరల ఆవిరి గొట్టమున్న ఎస్‌ప్రెసో మిషన్ ఇంకోటి దొరకది.”

“ఏం లాభం బిడ్డా? వారమాయె, పాలల్ల నురగే లేదు. పెద్దది కొనిస్త.”

“షాపుల మంచిగనే వచ్చింది గద?”

“ఆడ ఫ్రిజ్జుల పాలు పోసిండ్రు.”

“మరి మనం పోసేటియి?”

“పొద్దుగాలనే కాగబెట్టి, పొగలు పోకముందే నీ మిషన్ కాడ పెడ్తున్న. నువ్వు జర ఎక్కువసేపు పండుకుంటవని.”

ప్రమీల ఫ్రిజ్‌లోని చల్లటి పాలు గిన్నెలో పోసి ఆవిరి పట్టింది. నురగ అంచుదాకా పొంగింది.

“సూసిండ్రా? పాలు సల్లగుంటేనే నురగ. ముందే మసులుతుంటే ఇగ ఏడికెళ్లి వస్తది?”

జానయ్య నురగను వేలితో తాకి చూశాడు. గేటు మళ్లీ చప్పుడైంది.

“తప్పెవరిదని అడిగితే ఏం చెప్పాలె బిడ్డా?”

“నా నిద్ర కోసం పాలు కాగబెట్టినోళ్లదని చెప్పుండ్రి.”

జానయ్య నవ్వుతూ గేటు వైపు కేకేశాడు.

“మిషన్ ఇయ్యం, పో తమ్మీ! నురగ దొంగ దొరికిండు. పేరు జానయ్య!”