దుప్పటి దొంగ

మిట్టమధ్యాహ్నం ఎండలో చిన్న ఊరి ఆసుపత్రి వెనక అంబులెన్సు ఆగింది. దిగి వస్తున్న పారామెడిక్‌కి నర్సు గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

“వచ్చావా, దుప్పటి దొంగా. ఇవాళ ఎన్ని పట్టుకుపోదామని?”

“పట్టుకుపోవడానికి కాదు. తెచ్చాను.”

“మీ అంబులెన్సు టాక్సీవాళ్ళు తిరిగివ్వడం కూడా నేర్చుకున్నారా?”

“దిండ్లు సర్దే నర్సుల పోరు పడలేక. చేతులు చాపు.”

“ఇన్నా? మడతలు కూడా పెట్టావే. మీ ఇంట్లో ఎన్నాళ్ళు దాచావు?”

“మా ఇంట్లో కాదు. క్లైవ్ ఇంట్లో.”

“గొర్రెల ఉన్ని కత్తిరించే క్లైవా? వారం వారం గుండెనొప్పని వస్తాడే, ఆ పెద్దాయనా?”

“ఆయనే. వచ్చినప్పుడల్లా ఒకటి కప్పుకుని ఇంటికి పోయేవాడన్నమాట. అన్నీ ఉతికి, మంచం పక్కన కుర్చీలో పేర్చి పెట్టుకున్నాడు.”

“నేనేమో ఇన్నాళ్ళూ నిన్ను తిట్టాను.”

“తిట్టడమే కాదు. దుప్పట్ల బీరువా మీద నా ఫోటో కూడా అంటించావు.”

“తీసేస్తాలే. ముందు ఆయన్ని దించు. రాగానే టీ అడుగుతాడు, నీళ్ళు పెడతాను.”

“బండిలో ఎవరూ లేరు.”

నర్సు తన చేతుల్లోని దొంతరలో అన్నిటికన్నా పైనున్న దుప్పటి అంచు సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

“మేం వెళ్ళేసరికే పోయాడు. పోలీసులు వచ్చేదాకా ఉండి వచ్చాం. ఒకటి కప్పుకునే ఉన్నాడు. అది తియ్యలేదు.”

“మంచిపని చేశావు.”

“మీకు ఒకటి తక్కువొస్తుంది.”

“రానీ. నువ్వే ఎత్తుకుపోయావంటాను.”

“సరే. ఆ ఫోటో ఉండనీ అయితే.”