గడప అవతల ప్రార్థన

సకల జనుల సమ్మె రోజులు. కోనరావుపేట పక్క పల్లెలో, ఆదివారం పొద్దున, ఇంటి అరుగు మీద కూర్చుని సామేలు ఇప్పుడే వెళ్ళిపోయిన పాస్టరును తిడుతున్నాడు. భార్య చిన్నవ్వ, కొడుకు దేవేందర్ పడుకున్న గదిలోంచి వచ్చింది.

"...ముక్కుకు రుమాలు అడ్డంవెట్టుకొని ప్రార్థన చేస్తడా వాడు? ఛీ."

"మెల్లగ మాట్లాడు. లోపట పిల్లగాడు మెల్కతోనే ఉన్నడు."

"ఇననియ్యి. గడప దాటలే చిన్నవ్వా వాడు. వాకిట్లనే నిలవడి, చెయ్యి గట్ల గాలిల లేపి, ప్రభువా, దేవేందర్‌ను ముట్టుము అంటడు. నువ్వెందుకు ముట్టవురా?"

"వాసనకు ఓర్వలే. మనిషే గదా."

"మనిషా? ఎండకాలంల సిరిసిల్ల దీక్ష టెంటు కింద కండువ ఏసుకొని జై తెలంగాణ అన్నోడు వీడే. రోడ్డు మీద కూసునే పోరగాండ్లే గొల్యాతును కొట్టిన దావీదులన్నడు. మనోడు గది ఇని సాంచెల మీద బట్ట నేసే పని ఇడిసి రాస్తారోకోకు పాయె. లాఠీలు నడుము ఇరగ్గొట్టినంక ఏమంటుండు ఇప్పుడు? లోకం పనులల్ల తలకాయ పెడితే గిట్లనే అయితదట."

"గది నాకు గూడ నచ్చలే."

"మరి వందనాలెందుకు చెప్పినవ్?"

"అలవాటు."

"లీడర్లు గంతే. పండ్లు చేతిలవెట్టిండ్రు, ఫోటో దిగిండ్రు, పోయిండ్రు. ఒకడు బయటికచ్చి తుపుక్కున ఉమ్మిండు, నేను సూసిన. అందరిని సూస్తే రోత పుడుతుంది. గా దేవుణ్ణి గూడ."

"గట్లనకు."

"ఎందుకనద్దు? పొద్దుమాపు మోకాళ్లేస్తవ్. వీపు మీది పుండు మానిందా? కాలు కదిలిందా? ఒక్కనాడన్న పలికిండా?"

"పలుకలే."

"పలుకలే గదా."

"పలుకలేదనే చెప్తున్న గదా. ఒక్కోసారి గోడతోని మాట్లాడినట్టే ఉంటది. అసలున్నడా అనిపిస్తది. అయినా లేవబుద్ధి కాదు."

"ఇయాల గూడ చర్చికి పోతవా? వాని ప్రసంగం ఇనెటందుకు?"

"పోత. వాని కోసం కాదు. గా చెంబు ఇటియ్యి ముందు, పుండు కడగాలె. పురుగువడ్డది."

"ఇగో, పట్టు."

"మొఖం తిప్పుకుంటున్నవ్."

"లే. ఎండ కొడుతుంది."

"నువ్వు లోపలికచ్చి ఎన్నొద్దులాయె?"

"నాకు పనులుండయా? కరీంనగర్ తోల్కపోదామంటే బస్సులు లెవ్వు. జీపు కోసం ఊరూరు తిరుగుతున్న."

"తిరుగుతున్నవ్, కాదంటలే. బువ్వ గీ అరుగు మీదనే తింటవ్. పండుడు గూడ గీడనే."

"లోపట ఉక్కపోస్తది."

"ఆ. ఉక్క."

"ఉక్కనే."

"సరే."

"...వాసన, చిన్నవ్వా. వాసనకే. గానాడు బట్ట మార్సబోతే వాంతికచ్చింది నాకు. కన్నకొడుకు. వాడు సూసిండు, నేను నోరు మూసుకొని ఉరుకుడు. పాస్టరే నయం, వాకిట్లదాకన్న అచ్చి నిలవడ్డడు. నన్ను సూస్తెనే నాకు రోత."

"నాకు తెలుసు."

"తెలిసీ ఏమనలేదా?"

"ఏమంట?"

"వాడు... వాడేమన్న అడిగిండా?"

"రోజు అడుగుతడు. బాపు లోపలికెందుకు రాడే అవ్వా అని."

"ఏం చెప్తున్నవ్?"

"గడప అవుతల మోకాళ్ల మీద ఉన్నడు కొడుకా, నీ కోసం ప్రార్థన చేస్తుండు, మధ్యల లేపద్దు అని చెప్తున్న. వాడు నమ్మిండు. నేను దేవుణ్ణి అడిగేది వాని నడుము గురించి కాదయ్యా. గీ అబద్ధాన్ని నిజం చెయ్యుమని."