నా ఉగ్గుపొడి పేరూ రాయమన్నా

— నానమ్మా, నువ్వు కలెక్టరాఫీసు ముందు అట్ట పట్టుకుని నిలబడ్డావంట గదా! అత్త చెప్పింది. నిజమేనా?

నిలబడ్డానే అమ్మడూ. ఎవరికి భయం? నా మాటలు రికార్డు చేసే ఆ ఫోను మంచం మీద పెట్టు, ఎంతసేపని చేత్తో పట్టుకుంటావ్. వినపడుద్దిలే, నా గొంతు సంగతి ఈ బజారంతటికీ తెలుసు. ఆఁ, అట్ట. నాకు చదువెక్కడిది, మీ అత్తే రాసిచ్చింది. 'పసిపిల్లల తిండిలో ఏముందో ప్యాకెట్టు మీద రాయండి' అని. కాసేపు తలకిందులుగా పట్టుకున్నానంట. పక్కనావిడ నవ్వి తిప్పిచ్చింది.

మొదలు కాడ్నించి చెప్పాలంటే మీ తాత నుంచి చెప్పాల. మీ తాతది మన దూదేకులోళ్ళ పనే గదా. దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. బ్రాడీపేటలో ఏ ఇంట్లో పెళ్ళైనా ఆయన్నే పిలిచేవాళ్ళు. పరుపు కుడితే ఇరవై రూపాయలు... కాదు కాదు, ఇరవై మీ నాన్న పుట్టాక. అంతకుముందు పన్నెండే. మనిషి నెమ్మది. నామీద ఒక్కనాడు గొంతు లేపలేదు. ఆ దూది నుసి పీల్చీ పీల్చీ ఆయాసం పట్టుకుంది పాపం. నాలుగు మెట్లెక్కితే రొప్పేవాడు. ఇంక ఆ పని ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. అట్టా నా చేతికొచ్చింది ఇల్లు.

నాకేం వచ్చు చెప్పు? వంటొచ్చు. మీ నాన్నకీ మీ అత్తకీ ఉగ్గు నేనే చేసిపెట్టేదాన్ని గదా, అదే చేసి అమ్మటం మొదలుపెట్టా. వెనక సందులో ప్లీడరుగారి కోడలికి మొదట ఇచ్చా. ఆ పిల్లోడు బూరెల్లాంటి బుగ్గలేసుకుని తిరిగేసరికి, ఇంక చూడు, నాకూ నాకూ అని అడగటం. దంపుడు బియ్యం, ఇంత పెసరపప్పు, చిటికెడు వాము. దోరగా వేయించి, పిండి పట్టించి, పల్చటి బట్టలో జల్లించేదాన్ని. తెల్ల బియ్యమైతే నాకు పని తేలిక. కానీ దంపుడు బియ్యంలో బలముంటదని మా పిన్ని వాళ్ళూరి నుంచి పనిగట్టుకుని తెప్పించేదాన్ని. పసిబిడ్డల నోట్లోకి పోయేది గదమ్మా. నా చెయ్యి మంచిదనేవాళ్ళు అందరూ. కొంచెం గర్వం కూడా ఉండేదిలే, నీ దగ్గర దాచేదేముంది.

అప్పుడొచ్చింది అనసూయ టీచరుగారు. సన్నగా, పొడుగ్గా, భుజానికో గుడ్డసంచీ. స్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. పిల్లల ఆసుపత్రి పైన చిన్న గదిలో వినియోగదారుల సంఘం అని పెట్టింది. తూకాలు తక్కువొస్తే అడగటం, కల్తీ నూనె పట్టించటం, అదీ ఆవిడ పని. ఆ ఏడు పసిపిల్లల తిండి మీద పడింది. షాపులు తిరిగి డబ్బాలు, ప్యాకెట్లు, పిల్లలు తాగే ఆ పళ్ళరసం సీసాలు, అన్నీ కొన్నది. హైదరాబాదు ల్యాబుకు పంపిస్తా, నీదీ ఒకటివ్వు మస్తానమ్మా అనింది. నేను ఒకటి అడిగితే రెండిచ్చా. "పంపండి మేడం, ఈ కంపెనీ డబ్బాల బండారం బయటపడుద్ది" అన్నా. అట్టా అన్నానే నేను, ఈ నోటితోనే.

నెలన్నర పోయినాక ఒకరోజు పొద్దున్నే వచ్చింది. నేను ఇక్కడే, ఈ వరండాలోనే బియ్యం చెరుగుతున్నా. నువ్వు ఆ గుంజకాడ చాప మీద బోర్లా పడుకుని చేట పట్టుకు లాగుతున్నావ్. నీకప్పుడు ఏడో నెల. అవును, ఏడే. అప్పటికింకా కూర్చోటం రాలా నీకు.

టీచరుగారు చేతిలో కాయితం మడత పెడతది, విప్పుతది. ఏంది మేడం అన్నా. "మస్తానమ్మా, కొన్ని డబ్బాల్లో ఆర్సెనిక్ ఎక్కువుంది. పళ్ళరసం ఒకదాంట్లోనూ ఉంది" అనింది. "నేను చెప్పలా?" అన్నా. ఆవిడ నావంక చూళ్ళేదు. "నీ పొడిలోనూ ఉంది. ఆ డబ్బాల కంటే కూడా ఎక్కువే ఉంది" అనింది.

ఆర్సెనిక్ అంటే నాకేం తెలుసు? పొడి పాడైందేమో, పురుగు పట్టిందేమో అనుకున్నా. "అంటే ఏంది మేడం?" అన్నా.

ఆవిడ "మనవాళ్ళు పాషాణం అంటారే, అది" అనింది.

పాషాణం... ఆ మాట మేం చిన్నప్పుడు ఎవరన్నా తాగి చచ్చిపోతేనే వినేవాళ్ళం తల్లీ. చేట పక్కన పెట్టి నిన్నెత్తుకున్నా. పొద్దున నీకు నేనే పెట్టా, గిన్నెడు. మూతి తుడవలేదింకా, గడ్డం మీద ఎండిపోయి ఉంది. నీ మూతి నా కొంగుతో తుడుస్తా, తుడుస్తా... ఎర్రగా అయిపోయిందంట నీ గడ్డం. నువ్వు ఏడిస్తే అప్పుడు తెలివొచ్చింది నాకు.

టీచరుగారు మంచావిడమ్మా. ఊరికే కూర్చోలా. కింద ఆసుపత్రి డాక్టరుగారి దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకు తీసుకుపోయింది. ఆయన చెప్పాడు, అది ఎవరో కలిపింది కాదంట. నేల్లో ఉంటది, నీళ్ళలో ఉంటది, మిగతా పైర్ల కంటే వరి ఎక్కువ పీల్చుకుంటదంట. అదీ గింజ పైపొరలో ఎక్కువంట. అంటే తవుడు ఉండే చోటు. నేను బలమని ఏరికోరి తెచ్చిన దంపుడు బియ్యంలోనే ఎక్కువ! "ఒక పూటకో ఒక నెలకో ఏం కాదమ్మా, కంగారు పడబాక. రోజూ మూడు పూటలా అదే పెడితేనే పిల్లలకి మంచిది కాదు" అన్నాడు. తెల్లబియ్యం నాలుగైదుసార్లు కడిగి, ఎక్కువ నీళ్ళు పోసి వండి, గంజి వార్చేయమన్నాడు. రాగులు, పెసలు మార్చి మార్చి పెట్టమన్నాడు.

మెట్లు దిగుతుంటే టీచరుగారు మెల్లిగా అనింది. "మస్తానమ్మా, పేపరు వాళ్ళకి లిస్టు ఇస్తున్నాం. నీ పేరు అందులో వద్దంటున్నారు సంఘంలో అందరూ. నువ్వు కంపెనీవి కాదు గదా. ఇల్లు గడవాలి గదా" అని.

నిజం చెప్తున్నా, ఒక్క క్షణం హమ్మయ్య అనిపించింది. మీ తాత మందులు, మీ అత్త చదువు. గేటు దాకా వచ్చా. గేటుకాడ ఒకావిడ పిల్లోణ్ణి చంకనేసుకుని లోపలికొస్తా, "బాగున్నావా పెద్దమ్మా, పొడి అయిపోయింది, రేపొస్తా" అనింది. పద్మ అని, ఆటో నడిపే అబ్బాయి భార్య. పిల్లోడు బక్కోడు, నా పొడి తప్ప ఇంకేం ముట్టడు వాడు. నేను వెనక్కి తిరిగా. "రాయండి మేడం. డబ్బా వాడిది రాసి నాది దాస్తే, రేపు వాడు మనల్ని మొహం మీదే అడుగుతాడు. నా పొడి పేరూ రాయండి" అన్నా.

మీ తాతకి చెప్తే ఏమన్నాడో తెలుసా? చెప్పులేసుకుని, "పద, నేనూ వస్తా" అన్నాడు. ఆ ఆయాసం మనిషి, నాతో ఇల్లిల్లూ తిరిగాడమ్మా. ప్రతి మేడ కిందా ఆగి, నువ్వు పైకెళ్ళి చెప్పిరా, నేనిక్కడుంటా అనేవాడు.

అన్నారులే, ఎందుకనరు. ప్లీడరుగారి కోడలు తలుపు మొహం మీదేసింది. ఒక పెద్దాయన, మా తాతలందరూ అదే తిన్నారు, ఏమైందిప్పుడు అని నన్నే కోప్పడ్డాడు. పద్మ ఇంటికి చివర్లో పోయా, ధైర్యం చాలక. మొత్తం చెప్పా. ఏడ్చుద్దో తిట్టుద్దో అని తలొంచుకు కూర్చున్నా. ఆ పిల్ల లోపలికి పోయి గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చింది. "నువ్వు నడిచొచ్చి చెప్పావు పెద్దమ్మా. డబ్బాల వాళ్ళు ఒక్కరన్నా వచ్చారా?" అనింది.

ఆ పిల్లే కూడగట్టింది ఆడోళ్ళందర్నీ. ఎండలో, చంకల్లో పిల్లల్నేసుకుని, కలెక్టరాఫీసు ముందు. ఒక ఆఫీసరు బయటికొచ్చి అర్జీ తీసుకుని, "కంపెనీల మీద రాశారు సరే, ఇందులో మస్తానమ్మ ఎవరు?" అన్నాడు. నేనే సార్ అన్నా. "నాది నేను ఆపేశా. వాళ్ళనీ ఆపి, పరీక్ష చేయించి అమ్మమనండి" అన్నా. ఆయన తన కుర్చీ తెప్పించి నన్ను నీడలో కూర్చోబెట్టాడు.

వెంటనే ఏం జరగలేదే. టీచరుగారు రెండేళ్ళు తిరిగింది. ఒక కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంది. ఇంకోడు పరీక్ష చేయిస్తున్నామని ప్యాకెట్టు వెనక అచ్చేశాడు. ఇంకోడు ఉలకలా పలకలా, అట్టానే అమ్ముకున్నాడు. నేను రాగులూ పెసలూ వేసి, బియ్యం ఉడికించి వార్చి ఎండబెట్టి మళ్ళీ చేశా. ల్యాబు నుంచి మంచి కాయితం వచ్చినాకే పద్మకిచ్చా. సగం ఇళ్ళవాళ్ళు తిరిగొచ్చారు. ప్లీడరుగారి కోడలు రాలా. రాకపోతే రాకపోనీ, ఆమె భయం ఆమెది.

నాకు మాత్రం నీ బెంగ పోలేదమ్మా. అది ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే అరచేతులు గట్టిపడతయ్యని, మచ్చలొస్తయ్యని డాక్టరుగారు అన్నాడొకసారి. నీకేం కాదని కూడా చెప్పాడు, నాలుగు నెలలు కూడా తినలేదు గదా అని. అయినా మనసు ఊరుకుంటదా? నీకు గోరింటాకు పెట్టేదాన్ని చూడు, పండగ లేదు పబ్బం లేదు, పదిహేను రోజులకోసారి. నానమ్మకి గోరింటాకు పిచ్చి అని నవ్వేవాళ్ళు మీరందరూ. పిచ్చేం కాదు. నీ చేతులు చూసుకోటానికి. నువ్వు కుదురుగా కూర్చుని రెండు చేతులూ చాపుతావని.

ఏందే, ఏడుస్తున్నావా? పిచ్చిమొహమా. ఏదీ, ఇటు తే చెయ్యి. చూడు, ఎంత మెత్తగా ఉందో, వెన్నముద్దలా... అల్లా చల్లగా చూడాల నిన్ను. ఈ చేత్తో పదిమందికి మందిచ్చే డాక్టరువి కావాల. నిండు నూరేళ్ళు... ఉండుండు, లాక్కోబాక. ఇంకాసేపు ఉంచు...